సరోజినీదేవి ‘భారతదానము’: కందకజీవనమును, కరుణరసమును

హైదరాబాదు నగరమున జన్మించి ఆంగ్లభాషలో కవిత్వము చెప్పి ప్రసిద్ధి గాంచిన శ్రీమతి సరోజినీనాయుడు 1915వ సంవత్సరము డిసెంబరు మాసమున ‘ది గిఫ్ట్ ఆఫ్ ఇండియా’ యను ఖండికను రచించెను. ఈ నామమును మనము ‘భారతదానము’ అని తెనిగించుకొనవచ్చును. హైదరాబాదు స్త్రీల యుద్ధసహాయ సంఘమువారి నివేదికకై వ్రాయబడిన యీ ఖండిక 1917లో లండనున ప్రకటితమైన ‘ది బ్రోకెన్ వింగ్’ అను సంపుటమున చేరినది. ఆరేసి పాదములు గల నాలుగు భాగములు, వెరసి ఇరువదినాలుగు పాదములు. ఇంత చిన్న కృతియైనను మొదటి ప్రపంచ సంగ్రామమున మడిసిన భారతసైనికులను గూర్చి మన దేశమున ప్రస్తావన వచ్చినప్పుడెల్ల మొదట స్మరింపబడునది యిదియే. పాఠ్యగ్రంథములలోనికి ఎక్కుటచేత బాలురు దీనిని కంఠస్థము చేయుచుందురు. కంఠస్థమైన కావ్యమును విమర్శించుట కష్టము. అయినను ఇందలి రసమెట్టిది, దానికి ఆలంబనమైన మృతు లెవరు, వారు మడిసిన తెరంగును కావ్యము చూపినదా దాచినదా యను ప్రశ్నలను విచారింపక విడుచుట తగదు.

ఖండికలోని వక్త భారతమాత. మొదటి భాగమున ఆమె, వస్త్రములు, ధాన్యము, బంగారము ఇచ్చితిని, గర్భఫలములైన పుత్రులను కూడ తూర్పునకును పడమటికిని పంపితిని, ఇంక నాయొద్ద మీరు కోరదగినది యేమున్నదని యడుగుచున్నది. రెండవ భాగమున పారసీక సముద్రతీరమునను, ఈజిప్టు ఇసుకలలోను, ఫ్లాండర్సు ఫ్రాన్సు దేశముల పచ్చికబయళ్లలోను పడియున్న బిడ్డలను వర్ణించుచున్నది. మూడవ భాగమున తల్లి దుఃఖమును, గర్వమును, ప్రార్థనయు. నాలుగవ భాగమున, శాంతి నెలకొన్న పిమ్మట మీ యోధులకు కృతజ్ఞత చెల్లించునాడు నా పుత్రుల రక్తమును మరువకుడని కోరుచున్నది.

ఈ కృతిని గూర్చి రెండు ఆక్షేపములు వినబడుచున్నవి. ఇది సామ్రాజ్యభక్తి ప్రేరితము, చందాల నివేదికకు ముఖపత్రము వంటిదని కొందరందురు. బురదలో కుళ్లిన శవములను ముత్యములతోను పువ్వులతోను పోల్చుట అనౌచిత్యము, కందకమున నొక్క రాత్రియైనను గడపని కవి మాత్రమే అట్లు పోల్చగలదని మరికొందరందురు. ఈ రెండవ ఆక్షేపమే సాహిత్యపరముగా బలవంతమైనది. దానిని ముందుగా పరిశీలింతము.

మొట్టమొదట, ఇందలి దేశనామములు ఛందస్సుకొరకు ఏరుకొన్నవి కావు. నిజాము ప్రభువు పంపిన హైదరాబాదు ఇంపీరియల్ సర్వీసు లాన్సర్లు 1914 చివర ఈజిప్టు చేరి సూయజు కాలువ రక్షణకు నియుక్తులైరి. పూర్వము హైదరాబాదు కంటింజెంటునకు చెందిన అశ్వదళమునుండి పుట్టిన 20వ డెక్కన్ హార్సు, సికిందరాబాదు అశ్వబ్రిగేడుతో 1914 అక్టోబరున మార్సేల్సు రేవున దిగెను. అదే కంటింజెంటు సంతతియైన 97వ డెక్కన్ పదాతిదళము మెసపొటేమియాలో పోరాడినది. కవయిత్రి పేర్కొన్న దిక్కులు హైదరాబాదు గృహములకు ఉత్తరములు వచ్చుచుండిన దిక్కులే. అట్లే మొదటి భాగములోని వస్త్రముల ప్రస్తావనయు. 1914 ఆగస్టున లండనులో లైసియం క్లబ్బు స్త్రీలు సైనికులకు దుస్తులు కుట్టించుచుండగా సరోజినీదేవి కత్తిరించిన బట్టల కుప్పను తన ముందుంచి కుట్టించుకొని రమ్మని చెప్పినట్లు గాంధీమహాత్ముడు ఆత్మకథలో వ్రాసియున్నాడు. దీనినిబట్టి చూడగా మొదటి పాదములలోని వస్త్రదానము అలంకారమునకై తెచ్చినది కాదు. ఆమె చేతులతో చేసిన పని యది.

ఇక ఉపమానములు. పారసీకతీరమున మృతులు ఏరి కూర్చిన ముత్యములవలె నున్నారు. ఈజిప్టున చెదరిన గవ్వలవలె నున్నారు. ఫ్రాన్సున కోసి పారవైచిన పువ్వులవలె నున్నారు. పారసీక సముద్రము ముత్యములకు ప్రసిద్ధము, ఇసుకకు గవ్వలు సహజములు, పచ్చికకు పూలు సహజములు. కావున క్షేమేంద్రుడు చెప్పిన దేశౌచిత్యము ఇట కలదు. అంతకంటె గమనింపదగినది క్రమము. కూర్చబడుట, చెదరుట, కోతపడుట అని వరుసగా మరణమునకు అమరిక తప్పిపోవుచున్నది. గవ్వకు ఆంగ్లమున నున్న మాటయే ఫిరంగిగుండునకును పేరగుటచేత ఇట శ్లేషచ్ఛాయ తోచుచున్నదని చెప్పిన సాహసము కాదు. కడపటి ఉపమానమున ఆ పువ్వులు యాదృచ్ఛికముగా కోయబడినవని కవయిత్రి విశేషించినది. ఈ ‘యదృచ్ఛ’ యను భావమే ఖండికయంతటిలో కందకమును తాకిన చోటు. దాని యర్థము తెలియవలెనన్న కందకములో దినము గడచు రీతి తెలియవలయును.

దీనికి మనకు దొరకు ఉత్తమసాక్ష్యములలో నొకటి, 1938లో వెలువడిన ‘ది వార్ ది ఇన్ఫెంట్రీ న్యూ’ అను గ్రంథము. రాయల్ వెల్ష్ ఫ్యూజిలియర్ల రెండవ పటాలమున వైద్యాధికారిగా పనిచేసిన జేమ్స్ చర్చిల్ డన్ అను నాతడు తన దినచర్యలను, సహచరుల జ్ఞాపకములను కూర్చి, పేరు చెప్పుకొనక, 500 ప్రతులు మాత్రము ముద్రింపించెను. సిగ్‌ఫ్రీడ్ ససూను, రాబర్టు గ్రేవ్సు అను కవులును, ‘ఓల్డ్ సోల్జర్స్ నెవర్ డై’ వ్రాసిన ఫ్రాంక్ రిచర్డ్సు అను సామాన్యభటుడును ఈ పటాలమువారే. ఒక్క పటాలమును గూర్చి ఇందరు వ్రాయుట అపూర్వము.

ఆంగ్ల పదాతిపటాలమున లెక్కప్రకారము సుమారు వేయిమంది భటులు, ముప్పదిమంది అధికారులు నుందురు. నాలుగు కంపెనీలు, కంపెనీకి నాలుగేసి ప్లాటూనులు. కొన్ని దినములు శత్రువునకు ఎదుటి కందకమునను, కొన్ని దినములు దాని వెనుక సహాయపంక్తిలోను, మరికొన్ని దినములు పల్లెలలో విశ్రాంతిగను, అనగా విశ్రాంతి యను పేరిట మోతపనులు చేయుచును గడపుట వారి వంతు. తెల్లవారుటకు ముందును, ప్రొద్దుక్రుంకు వేళను అందరును తుపాకులకు బాకులు తొడిగి గోడమెట్టుపై నిలువవలెను. దాడికి అనువైన వేళలు అవి యగుటచేత ఈ నియమము సంధ్యావందనమువలె తప్పనిదయ్యెను. అటుపిమ్మట చలికి గుక్కెడు రమ్ము, తుపాకి తుడుచుట, గట్టి బిస్కత్తులు, డబ్బామాంసము, తేనీరు. పగలు తల పైకెత్తరాదు గావున కునికిపాట్లు, పేలు చూచుకొనుట, జాబులు వ్రాయుట. అసలు పని రాత్రియే. ముండ్లతీగ కట్టుట, కూలిన గోడకు ఇసుకబస్తాలు పేర్చుట, బురదలో చెక్కపలకలు పరచుట, ఆహారమును నీటిని వీపుపై మోసికొని వచ్చుట. నిలువనీటిలో దినములకొలది నిలిచిన పాదములు ఉబ్బి కుళ్లెడి రోగమునకు ప్రతిక్రియగా తిమింగిలపు నూనె రాచుకొనవలెను. భటుల పాదములను అధికారులు స్వయముగా పరీక్షింపవలెను. ఎలుకలకు కొదువ లేదు. హాస్యమునకును కొదువ లేదు. 1914 క్రిస్మసునాడు ఎదుటి జర్మనులు ఈ పటాలమునకు బీరు పీపాలు దొర్లించి యిచ్చిన వృత్తాంతము ప్రసిద్ధము.

ఈ దినచర్యలోనే చావును నిమిడియున్నది. యుద్ధమేమియు జరుగని దినమునను ఒకడు తల యెత్తి గుండుదెబ్బ తినును, వేరొకడు తేనీరు కాచుకొనుచుండగా ఫిరంగిగుండు పడును, మూడవవాడు జ్వరముతో వెనుకకు పోవును. సైనికాధికారులు ఈ నిత్యనష్టమునకు ‘వేస్టేజి’ అని పేరిడిరి. మన ధాన్యపు కొట్లలో వాడు ‘తరుగు’ అను మాట దీనికి సరిపోవును. తరుగు తీర్చుటకు క్రొత్తవారు వచ్చుచుందురు. కొంతకాలమునకు పటాలము పేరు మాత్రము మిగులును, మనుష్యులు మారిపోవుదురు. నది పేరు నిలిచినను నీరు నిలువదుగదా. 1916 జూను 22న జివాన్షీ గ్రామమునొద్ద జర్మనులు భూగర్భమున మందుగుండు పేల్చగా వెల్ష్ పటాలమున ‘బి’ కంపెనీలో అధికభాగము క్షణములో మట్టిక్రింద పడెను. ఆ గోతికి వారు తమ చిహ్నముపేర ‘రెడ్ డ్రాగన్ క్రేటర్’ అని పేరు పెట్టుకొనిరి. ఆ కంపెనీలో నెవ్వడును ఆనాడు వీరకృత్యము చేసి చావలేదు, పిరికితనము చూపియు చావలేదు. అట నిలిచియుండుటయే వారి మరణకారణము. సరోజినీదేవి చెప్పిన యదృచ్ఛ యిదియే.

జివాన్షీ ఫెస్టుబేర్ ప్రాంతము మనవారికి క్రొత్త కాదు. 1914 డిసెంబరున గుఱ్ఱములను వెనుక విడిచి సికిందరాబాదు బ్రిగేడువారు పదాతులవలె ఆ ప్రాంతపు కందకములలో పోరాడిరి. డెక్కన్ హార్సునందు సిక్కులు, జాట్లతోపాటు దక్కనీ ముసల్మానులును ఉండిరి. దక్కను ఎండలో పెరిగినవారు ఫ్లాండర్సు మంచునీటిలో మోకాలిలోతున నిలిచిరి. ఈ రెండు సైన్యముల కథలు మరల నొకచోట కలిసినవి. సోమ్ యుద్ధమున 1916 జులై 14 సాయంకాలము డెక్కన్ హార్సువారు, 7వ డ్రాగూన్ గార్డులతో కూడి, హై వుడ్ అను వనము ప్రక్కనున్న చేలలో బల్లెములు పట్టి గుఱ్ఱములపై దాడి చేసిరి. ఆనాడు కార్నాయ్ లోయలో బారులు తీర్చి నిలిచిన ఆ రౌతుల ఛాయాచిత్రము నేటికిని ప్రసిద్ధము. ఆరు దినములైన పిమ్మట, జులై 20న, వెల్ష్ పటాలము అదే వనమున ప్రవేశించి ఘోరముగా నష్టపడెను. రాబర్టు గ్రేవ్సు అచ్చటనే తీవ్రముగా గాయపడగా, అతడు మృతిచెందెనని తల్లికి జాబు వెళ్లినది. ఆ వనము పూర్తిగా వశమగుటకు సెప్టెంబరు 15 వరకు పట్టినది.

ఒక్క వనము. వెల్షువారి పక్షమున కవులు, వైద్యుడు, సామాన్యభటుడు సాక్ష్యములు వ్రాసిరి. దక్కను రౌతుల పక్షమున మిగిలినది ఒక ఛాయాచిత్రము, అధికారుల దినచర్యాపత్రములు మాత్రమే. ఈ భేదమును పట్టించుకొనక సరోజినీదేవి ఖండికలో బురద కానరాదని నిందించుట న్యాయము కాదు. ఆంగ్లకవికి పటాలము తెలిపినది. ఆమెకు తెలుపువారు లేరు. భారతభటులలో పెక్కురు నిరక్షరులు. వారు చెప్పగా లేఖకులు జాబులు వ్రాసెడివారు, ఆ జాబులను ఫ్రాన్సులోని పరీక్షకులు చదివి అనువదించి సారాంశములు పై యధికారులకు పంపెడివారు. ఆ అనువాదములు నిలువగా, వానినుండి డేవిడ్ ఒమిస్సీ 1999లో ఒక సంకలనమును ప్రకటించెను. అందు చూడగా భటులే ఉపమానములను ఆశ్రయించిరి. భారతీయులను నల్లమిరియములనియు ఆంగ్లేయులను ఎఱ్ఱమిరపకాయలనియు సంకేతించి, ఏది యయిపోవుచున్నదో ఇంటివారికి తెలిపిరి. కావున అలంకారము కందకమెరుగనివారి లక్షణమనుట పొసగదు. భటుని అలంకారము పరీక్షకుని కన్ను గప్పుటకు పుట్టినది, కవయిత్రి అలంకారము శోకమును మోయుటకు పుట్టినది. ప్రయోజనములు వేరైనను ఆవశ్యకము రెంటికిని కలదు.

ఇక రసవిచారము. ఇందు అంగిరసము కరుణమే. గర్వము, ఉత్సాహము మూడవ భాగమున తలచూపినను అవి సంచారులుగ వచ్చి పోవుచున్నవి. మృతదేహములను సుందరవస్తువులతో పోల్చుట కరుణమునకు విరోధియా యన్న ప్రశ్నకు మన ఆలంకారికులు ఏనాడో సమాధానము చెప్పిరి. భారత స్త్రీపర్వమున భూరిశ్రవుని తెగిన బాహువును ఒడిలో నుంచుకొని అతని భార్య దాని పూర్వవిలాసములను తలచి విలపించును. ఆ శ్లోకమును మమ్మటుడు కావ్యప్రకాశమున నుదాహరించి, అందలి శృంగారము కరుణమునకు అంగమైనదని నిర్ణయించెను. పోయిన సౌందర్యస్మరణము శోకమును తగ్గింపదు, ఉద్దీపింపజేయును. సరోజినీదేవియు మృతుల చేతులను ప్రస్తావించినది. వీరములై విరిగిన చేతులవి. కావున ముత్యములును పువ్వులును అనౌచిత్యములను రెండవ ఆక్షేపము నిలువదు.

అయితే ఆ పోలికయే ఈ ఖండికయొక్క నిజమైన కొరతను చూపుచున్నది. స్త్రీపర్వమున ఆ చేయి భూరిశ్రవునిది. గాంధారి దివ్యదృష్టితో రణరంగమును గాంచి దుర్యోధనుని, దుశ్శాసనుని, వికర్ణుని, అభిమన్యుని, కర్ణుని పేరుపేరున చూపి యేడ్చును. తిక్కనార్యుని తెనుగునను ఆ పేర్ల వరుసయే శోకమునకు మెట్లు. భారతమాతయు దూరదృష్టితోనే చూచుచున్నది, కాని ఒక్కనినైనను పేరు పెట్టి పిలువలేదు. విరిగిన చేతులు ఎవరివో తెలియవు. ఆలంబనము సామాన్యమగుటచేత కరుణము విశాలమైనదే కాని లోతు తగ్గినది. ముత్యములు వన్నెగలవి, కాని యొక ముత్యమును వేరొక ముత్యమునుండి గుర్తించుట కష్టము.

ఈ కొరత కవయిత్రిది మాత్రమే కాదు, ఆ కాలపు లెక్కలదియు. ఫ్రాన్సునందలి న్యూవ్ షాపెల్ స్మారకముపై, 1927లో ఆవిష్కరింపబడినది, నాలుగువేల ఏడువందలకు పైగా భారతీయుల పేర్లు చెక్కబడినవి. కాని బస్రా స్మారకముపై భారతాధికారుల పేర్లు మాత్రము చెక్కి, సామాన్యభటులను రెజిమెంటులవారీగా సంఖ్యలతో చూపిరి. 2021లో కామన్వెల్తు సమాధుల సంఘముయొక్క ప్రత్యేకసమితి ఇట్టి అసమానతను అంగీకరించి నివేదిక ప్రకటించినది. పారసీకతీరపు ముత్యములు, తల్లి యేరి కూర్చినను, లెక్కలో సంఖ్యలుగనే మిగిలిరి. ఆ యుద్ధమున మడిసిన అవిభక్త భారతీయులు సుమారు 74,000 మంది.

కవయిత్రి కొన్ని రణరంగములను విడిచినదని కూడ చెప్పవలెను. తూర్పు ఆఫ్రికాలో టాంగా రేవునొద్ద 1914 నవంబరున జరిగిన పరాజయమున హైదరాబాదు కంటింజెంటు సంతతియగు 98వ పదాతిదళమును, మదరాసు పయనీర్లును పాల్గొనిరి. తేనెటీగలు రేగి సైనికులను చెదరగొట్టిన యా యుద్ధము ఏ కావ్యమునకును ఎక్కలేదు. మన జాతికి మరియొక విపరీతము కలదు. పదునెనిమిదవ శతాబ్దిని ఉత్తరదేశమున సిపాయికి ‘తిలంగా’ యనుటయే వాడుక. అది మన తెలింగ శబ్దమే. 1914 నాటికి, శూరజాతులు వేరు, ఇతరులు వేరు అను సైన్యాధికారుల సిద్ధాంతముచేత తెలుగువారు సైన్యమున మిక్కిలి తగ్గిపోయిరి. సిపాయికి పేరిచ్చిన జాతికి సిపాయికథ లేకపోవుటకు ఇదియు నొక హేతువు. హిందీలో చంద్రధరశర్మ గులేరీ 1915లోనే ‘ఉస్‌నే కహా థా’ కథయందు సిక్కుల కందకమును, అందలి చలిని, పరిహాసములను చిత్రించెను. ఆంగ్లమున ముల్క్‌రాజ్ ఆనంద్ ‘ఎక్రాస్ ది బ్లాక్ వాటర్స్’ అను నవల వ్రాసెను. పంజాబునుండి వేలకొలది భటులు వెళ్లుటచేత వారి భాషలకు ఆ వస్తువు ఇంటిలో దొరకినది.

మిగిలినది మొదటి ఆక్షేపము. కావ్యము ప్రభుభక్తి ప్రేరితమనుటకు నాలుగవ భాగమే సమాధానము. అందు స్తోత్రము లేదు, బాకీ జ్ఞాపకము చేయుట కలదు. దానమని పేరుపెట్టినను, తల్లి అడుగుచున్న తీరు ఋణదాతది. శాంతి వచ్చిన పిమ్మట స్మరింపుడనుట షరతు. 1919 ఏప్రిలు 13న జలియన్‌వాలాబాగున జరిగిన మారణము ఆ షరతునకు పాలకు లిచ్చిన ఉత్తరమయ్యెను. వరదసహాయమునకై 1911లో ఆంగ్లప్రభుత్వము తనకిచ్చిన కైసరె-హింద్ పతకమును సరోజినీదేవి త్రిప్పి పంపివైచినది. మూసీ వరదలలో ఆర్తులకు చేసిన సేవకు వచ్చిన పతకమది. 1917లో ససూను యుద్ధము కొనసాగింపును నిరసించి బహిరంగ ప్రకటన చేసెను. ఇరువురి మార్గములును వేరు, కాని మృతుల పక్షమున లెక్క అడుగుట సమానము. 1915 నాటి పాఠకునకు చివరి పాదములు వినతి. 1919 తరువాతి పాఠకునకు అవియే అభియోగము. పాదములు మారలేదు, ధ్వని మారినది.

కావున సిద్ధాంతమిది. ‘భారతదానము’ కరుణరసప్రధానమైన మంచి ఖండిక. ఉపమానములు ఉచితములు. యదృచ్ఛామరణమును సూచించుటచేత కందకసత్యమును ఒక్కమాటలోనైనను స్పృశించినది. నామరాహిత్యము దాని కొరత. ఈ ఖండికను బోధించు పండితులు వీరరసోదాహరణముగ చెప్పి విడువక, దీని ప్రక్కన వెల్ష్ పటాలపు దినచర్యను, భటుల జాబులను, స్త్రీపర్వమును చేర్చి చెప్పినచో బాలురకు ముత్యములవెనుక మనుష్యులు కనబడుదురు. పరిశోధకులకును పని కలదు. బొల్లారము, సికిందరాబాదు దండుబజారులలోను, పాతనగరపు పూర్వసైనిక కుటుంబములలోను పతకములు, పింఛను కాగితములు, వాడిన జాబులు ఉండకపోవు. వానిని సేకరించి పేర్లను తేల్చుట అవసరము. గాంధారికి వ్యాసుడు దృష్టి నిచ్చెను, పేర్లు ఆమెకు ముందే తెలియును. మన తల్లికి దృష్టి కలదు, పేర్లు మనము అందింపవలసియున్నది.